కొమర్రాజు లక్ష్మణరావుగారు: చందాపై నిలిచిన విజ్ఞానము

హైదరాబాదు నగరమునకు పడమట గండిపేటకడ మూసీనది కడ్డముగా కట్టిన పెద్ద చెరువును ఎరుగని తెలుగువా రరుదు. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల నుండి నగరమునకు వచ్చిపోవు రైతులకు అది చిరపరిచితమైన నీటిపట్టు. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోజాలడను మాట నగరమున ఇప్పటికిని వినబడుచుండును. ఆ చెరువునకు మూలకారణము 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీనాటి వరద. ఆనాడు మూసీ పొంగి వేలకొలది ప్రాణములను, ఇండ్లను కొట్టుకొనిపోయెను. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, వరదనీటిని నగరమునకు ఎగువనే నిలుపుటకు జలాశయములు కట్టవలెనని చెప్పిరి. 1920లో గండిపేట కట్ట పూర్తియైనది. ప్రభువునకు ఖజానా కలదు, ఇంజనీర్లు కలరు. ఆజ్ఞ యైన పని జరుగును.

ఆ వరదకు రెండేండ్లు ముందే, అదే నగరమున, ఖజానా లేక, ఆజ్ఞాబలము లేక, కొలదిమంది మిత్రులు వేరొక విధమైన నిధిని కూర్చ పూనిరి. వారు కూర్చదలచినది తెలుగున విజ్ఞానము. అందులకు వారు చేపట్టిన యుపాయము మిక్కిలి చిన్నది. అది చందా. ఆ కార్యమునకు ప్రధానకర్త కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. ఆయన పాండిత్యమును కొనియాడినవారు పెక్కురు గలరు. ఆయన సంస్థలు నడపిన నేర్పును పరిశీలించినవారు తక్కువ. మే మిచ్చట ముఖ్యముగా చెప్పబూనినది ఈ రెండవ విషయమును గూర్చియే.

లక్ష్మణరావుగారు 1877 మే 18వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. అక్కయగు భండారు అచ్చమాంబగారి భర్త మధ్యపరగణాలలో ఉద్యోగియగుటచే, బాలుడు వారి యింట పెరిగి నాగపురమున చదువుకొనెను. అచ్చమాంబగారికి బడిచదువు లేదు. తమ్ముడు బడిలో నేర్చినది ఇంట అక్కకు చెప్పెను. ఆ యక్కయే తరువాత అబలాసచ్చరిత్ర రత్నమాలను రచించి, 1902లో బందరున స్త్రీసమాజ స్థాపనకు తోడ్పడి, 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే మరణించిరి. లక్ష్మణరావుగారి మొదటి పాఠశాల ఈ యిల్లే యని మా యభిప్రాయము. ఒకడు నేర్చినది ఇంకొకనికి అందవలెనన్న, నేర్చినది వారికి తెలిసిన భాషలో నుండవలెను. ఈ విషయ మాయనకు గ్రంథములవలన గాక అక్కగారి ప్రక్కన కూర్చుండుటవలననే బోధపడి యుండవచ్చును.

నాగపురవాస మాయనకు మరాఠీని మాతృభాషతో సమానముగా నొసగెను. మహారాష్ట్రమున విద్వాంసులు స్వభాషలో చరిత్రలు వ్రాయుటయు, సంఘములు కూర్చి పనిచేయుటయు ఆయన కన్నులార చూచిరి. తెలుగుదేశము సంగతి వేరు. ఇంగ్లీషు చదివినవారు తెలుగున వ్రాయరు. తెలుగున వ్రాయు పండితులకు నూతనశాస్త్రములు తెలియవు. కలకత్తా విశ్వవిద్యాలయపు ఎం. ఏ. పట్టము పొందిన పిమ్మట లక్ష్మణరావుగారు పెద్ద సర్కారు కొలువు వెదకికొనక, మునగాల రాజాగారగు నాయని వేంకటరంగారావు బహదూరుగారి వద్ద దివానుగా కుదిరిరి. మునగాల పరగణా కృష్ణామండలమునకు చెందినదయ్యు, నలువైపుల నిజాం రాజ్యముచే చుట్టబడిన ద్వీపము వంటిది. అచ్చటినుండి హైదరాబాదు చేరువ.

భూస్వాములగు మా పాఠకులకు ఒక మాట మనవి చేయవలసియున్నది. జమీందారీ దివాను పని యేమి? వేలాది రైతులనుండి చిన్నచిన్న మొత్తములు కాలమునకు రాబట్టుట, లెక్క తప్పకుండుట, రాబడికి మించి వ్యయము చేయకుండుట. ఏ పరగణాయు ఒక్క ధనికరైతు శిస్తుపై బ్రదుకదు. ఈ యనుభవమును లక్ష్మణరావుగారు సాహిత్యమునకు వర్తింపజేసిరని మాకు తోచుచున్నది. ఇది మా యూహయే గాని, ఆయన నెలకొల్పిన సంస్థల తీరు చూచినవారికి ఇది యసంగతముగా కనబడదు.

మొదటిది గ్రంథాలయము. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము వెలసెను. రంగారావుగారు, మునగాల రాజాగారు, లక్ష్మణరావుగారు దానికి మూలస్తంభములు. రాజభాష ఉర్దూగా నున్న నగరమున తెలుగు చదువరులకు కూర్చుండుటకు ఒక చోటు దొరకుట చిన్న సంగతి కాదు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయ మేర్పడెను. పిమ్మట తెలంగాణమున ఊరూర లేచిన గ్రంథాలయములకు ఈ రెండును మార్గదర్శకములు. గండిపేటకు చేరువనున్న పెద్దమంగళారమున 1890లో పుట్టి, నగరమున న్యాయవాదియై, 1936లో షాద్‌నగరు ఆంధ్రమహాసభ కధ్యక్షత వహించిన కొండా వేంకటరంగారెడ్డిగారి తరము ఇట్టి సంస్థల నీడను పనిచేసినదే. నేడు ఆ ప్రాంతపు జిల్లాకు ఆయన పేరే.

ఇక రెండవది, మా ప్రస్తావనకు ముఖ్యమైనది, విజ్ఞానచంద్రికా గ్రంథమండలి. దానిని 1906లో హైదరాబాదున స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు సహచరులు. అంతవరకు తెలుగు గ్రంథము వెలువడు మార్గమెట్టిది? కవి యొక ప్రభువును వెదకును, కృతి యంకిత మిచ్చును, ప్రభువు అచ్చువేయించును, ప్రతులు బంధుమిత్రులకు పంచబడును. ప్రభువు మారిన, లేక ప్రభువు మనస్సు మారిన, గ్రంథమాగును. మండలి ఈ క్రమమును తలక్రిందులు చేసెను. ముందుగా శాశ్వత చందాదారులను చేర్చుకొని, వెలువడు గ్రంథములను వారికి తగ్గించిన వెలకు పంపు పద్ధతి పెట్టెను. ఇన్ని ప్రతులు తప్పక పోవునను ధైర్యముండుటచే అచ్చుకూలి లెక్కకు వచ్చును, వెల తగ్గును, వెల తగ్గినకొలది చదువరులు పెరుగుదురు. అంకితము పుచ్చుకొనిన ప్రభువు గ్రంథమును చదువకున్నను కవికి లోటు లేదు. చందాదారుడు చదువక మానినచో మరుసటి గ్రంథమునకు చందా రాదు. కావున రచయిత చదువరిని తలచుకొని వ్రాయక తప్పలేదు. మండలికి రాజాదరణము లేకపోలేదు. కాని దాని ప్రాణము రాజాదరణమున లేదు.

అదే 1906లో లండనునగరమున డెంటు అను ప్రకాశకుడు షిల్లింగు వెలకు ఎవ్రీమాన్స్ గ్రంథమాలను ప్రారంభించెను. ఆయన కొక సౌకర్యము కలదు: గ్రంథములు ముందే యున్నవి, చౌకగా అచ్చువేసిన చాలును. మన మండలికి ఆ భాగ్యము లేదు. గ్రంథములనే గాక వానిలోని పారిభాషికపదములను గూడ సృష్టించుకొనవలసి వచ్చెను. హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర 1907లో మొదటి పుష్పముగా వెలువడెను. పిమ్మట లక్ష్మణరావుగారి హిందూమహాయుగము, మహమ్మదీయ మహాయుగము. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము. వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము. గోటేటి జోగిరాజుగారి వ్యవసాయశాస్త్రము. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము. వ్యవసాయమును గూర్చి తెలుగున శాస్త్రగ్రంథ మొకటి యుండవలెనని దున్నువాని కంటె ముందు ఒక దివానుగారి సంఘమునకు తోచుట మెచ్చదగినదే, కొంత సిగ్గుపడదగినదియు. శాస్త్రములకు చందాదారులు నిలువరను భయముననో యేమో, మండలి నవలలకు పోటీలు పెట్టి బహుమానము లిచ్చెను; రాణీ సంయుక్త, విమలాదేవి మొదలగునవి అట్లు వెలువడినవి. నవల కొరకు చేరినవాని యింటికి రసాయనశాస్త్రమును చేరును. ఇందు కొంత వర్తకనీతి కలదు. మేము దానిని తప్పుపట్టము.

1908లో మండలి మదరాసునకు తరలెను. ఆ సంవత్సరముననే హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్యపత్రికలోని వ్రాతలకై చెరసాల కేగిరి. ఆప్తుడగు రంగారావుగారు 1910లో గతించిరి. ఐనను గ్రంథములు వెలువడుచునే యుండెను. సహచరులు తొలగినను ఆగకుండుట సంస్థకు నిజమైన పరీక్ష. మండలి యందు నెగ్గెను. నెగ్గుటకు కారణము చందాదారుల పట్టికయే యని మేము తలతుము. దీనికి లోపములు లేకపోలేదు. చందా కట్టగలవాడు అక్షరాస్యుడు, అంతో యింతో కలవాడు. కూలివానికి, పల్లెటూరి స్త్రీకి ఈ గ్రంథములు తిన్నగా చేరలేదు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘ మేర్పడి, పల్లెలందు పఠనాలయములు వ్యాపించిన తరువాత మాత్రమే ఒక్క ప్రతి పదుగురి చేతులలో తిరుగ సాగెను.

ఇంతటి వ్యవహారజ్ఞుడు తన మిక్కిలి ప్రియమైన కార్యమున ఈ సూత్రమును పూర్తిగా పాటింపలేకపోయెననుట విచారకరము. అది ఆంధ్ర విజ్ఞానసర్వస్వము. ఇంగ్లీషువారి బ్రిటానికా వంటి గ్రంథము తెలుగున వెలయింపవలెనని 1912 ప్రాంతమున పూనిరి. సహాయులు లేకపోలేదు; ఉన్నతపట్టములు లేని యువకుడగు మల్లంపల్లి సోమశేఖరశర్మ ఈ కార్యాలయముననే పరిశోధనకు అలవడి, పిమ్మట ఆంధ్రచరిత్రకారులలో అగ్రగణ్యుడయ్యెను. కాని పెక్కు భారము ఒక్క తలపై పడెను. అద్వైతము, అథర్వవేదము, అష్టాధ్యాయి వంటి వ్యాసములు సంపాదకుడే వ్రాసెను. ప్రతి వ్యాసమును ఆయన కన్ను దాటవలసినదే. చరిత్రలను, శాస్త్రములను పదుగురికి పంచి యిచ్చిన చేయి, దీనిని పంచుటకు ఒప్పలేదు. ఇంతలో ఐరోపా యుద్ధము వచ్చి కాగితపు వెల పెరిగెను. మూడు సంపుటములు వెలువడినవి. వర్ణక్రమము మొదటి యక్షరముల కడనే నిలిచిపోయినది.

మదరాసునందలి ఆయన గృహము వేదవిలాసము విద్వాంసులకు సత్రము వంటిది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1919 మే 27వ తేదీన ఆ యింటనే కన్నుమూసిరి. హితకారిణీ సమాజమునకు తన యాస్తిని ధారపోసిన వృద్ధుడు, చందాలపై మండలిని నిలిపిన మధ్యవయస్కుని యింట తుదిశ్వాస విడుచుట మాకు తలంపునకు వచ్చినప్పుడెల్ల, దానము, చందా అను రెండు తరముల ధర్మములు ఒక్క కప్పు క్రింద కలిసినట్లు తోచును. నాలుగేండ్లకే, 1923 జూలై 12వ తేదీన, లక్ష్మణరావుగారును అదే నగరమున స్వర్గస్థులైరి. అప్పటికి నలువదియారేండ్లు. హైదరాబాదు మిత్రులు తమ పరిశోధక మండలికి లక్ష్మణరాయ నామము పెట్టుకొనిరి.

విజ్ఞానసర్వస్వమును తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేపట్టిరి. అమృతాంజనపు లాభములు, పత్రికాబలము, ఉదారహృదయము వారికి గలవు. ఐనను అది తుదముట్టకయే 1938 ఏప్రిలులో పంతులుగారు గతించిరి. ఒకరి విద్వత్తుపై నొకమారు, ఒకరి ధనముపై నొకమారు ఆగిన ఆ కార్యమును, మోటూరి సత్యనారాయణగారి ప్రయత్నమున మదరాసున ఏర్పడిన తెలుగు భాషాసమితి మరల యెత్తుకొన్నది. సమితివారు అకారాదిక్రమమును విడిచి, ఒక్కొక్క శాస్త్రమున కొక్కొక్క సంపుటమును ఒక్కొక్క నిపుణవర్గమున కప్పగించిరి. విరాళములను పలువురి నుండి సేకరించిరి. సంపుటములు వరుసగా వెలువడినవి. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము సుల్తాన్‌బజారున ఇప్పటికిని తలుపు తెరచియే యున్నది.