జ్వరం గుట్టు విప్పిన డేవిడ్ బ్రూస్

డేవిడ్ బ్రూస్ 1855లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో జన్మించాడు. స్కాట్లాండులో వైద్యవిద్య అభ్యసించి, బ్రిటిష్ సైన్యంలో వైద్యుడుగా చేరాడు. 1884లో మాల్టా దీవికి వెళ్ళాడు. అక్కడి సైనికులను ఒక జ్వరం నెలల తరబడి పీడించేది. తగ్గినట్లే తగ్గి మళ్ళీ వచ్చేది. బ్రూస్ ఆ జ్వరంతో చనిపోయినవారి ప్లీహాన్ని పరీక్షించాడు. సూక్ష్మదర్శిని పనిలో భార్య మేరీ ఆయనకు తోడ్పడింది. 1887లో ఆ రోగక్రిమిని గురించి లోకానికి తెలియజేశాడు.

అది మనుషులకు ఎలా సోకుతున్నదో తెలియడానికి మరో 18 ఏళ్ళు పట్టింది. బ్రూస్ నాయకత్వంలో ఏర్పడిన సంఘంలో మాల్టా వైద్యుడు జమ్మిట్ సభ్యుడు. ఆయన 1905లో మేకల రక్తపు తేటలో ఈ క్రిములను కలిపి చూశాడు. క్రిములు ముద్దకట్టాయి. ఆరోగ్యంగా కనిపించే మేకలలోనే రోగం దాగి ఉన్నదని తేలింది! 1906లో సైనికులకు మేకపాలు మాన్పించగా జ్వరం బాగా తగ్గింది.

బ్రూస్ 1931లో మరణించాడు. ఆయన పేరుమీదనే ఈ రోగాన్ని బ్రూసెల్లోసిస్ అంటున్నారు. పశువులు ఈసుకుపోవడానికి ఇది ఒక కారణం. పెంపుడు కుక్కలకు సోకే రకాన్ని 1966లో అమెరికాలో గుర్తించారు. కుక్క పైకి బాగానే కనిపించినా, రక్తపరీక్షలో రోగం బయటపడుతుంది. గొర్రెలు, మేకలు పెంచే మన బళ్ళారి పల్లెలలో కూడా పాలు కాచి తాగాలి. ఈసుకుపోయిన పిల్లను వట్టి చేతులతో తాకరాదు.