అక్షరశిల్పి బొడోనీ

1740వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతమున, సలూజ్జో అను చిన్న పట్టణములో జాంబత్తీస్తా బొడోనీ జన్మించెను. తండ్రి ముద్రాపకుడగుటచే అచ్చుకూటమే బాలునకు పాఠశాల యయ్యెను. చెక్కపై బొమ్మలు చెక్కు నేర్పు చిన్ననాడే అబ్బినది. 1758లో పదునెనిమిదేండ్ల ప్రాయమున రోము నగరమునకు బయలుదేరినపుడు చేతిలో చాలిన ధనము లేదు. దారిలోని ముద్రాపకులకు తాను చెక్కిన చెక్కదిమ్మెల నమ్ముకొనుచు, ఆ సొమ్ముతో ప్రయాణము సాగించెను.

రోములో మతప్రచార సంఘమువారి ముద్రణాలయమున అతనికి పని దొరకెను. నానాదేశ భాషలలో క్రైస్తవ గ్రంథములను ముద్రించుట ఆ సంస్థ పని. అచట ప్రాచ్యలిపుల అచ్చులు ఎన్నడో చేసినవి కలగాపులగమై పడియుండెను. వానిని శుభ్రపరచి, వేరు చేసి, వరుసలో పేర్చు పని ఈ యువకునకు అప్పగింపబడెను. ఇతరులకు విసుగు పుట్టించు ఆ పనియే అతనికి చదువైనది. లిపి యేదైనను అక్షరముల కుండు కొలతను, పొందికను అతడు గ్రహించినది అచటనే.

1766లో ఇంగ్లండునకు పోయి, బర్మింగుహాములోని ప్రసిద్ధ ముద్రాపకుడు బాస్కర్‌విల్‌ను దర్శింపవలెనని రోమును విడిచెను. త్రోవలో జ్వరము సోకి, పుట్టినయూరనే నిలిచిపోయెను. ఆ జ్వరము రాకుండినచో పార్మా నగరమున కీ కీర్తి దక్కెడిది కాదేమో! 1768లో పార్మా ప్రభువగు ఫెర్డినాండు తన రాజముద్రణాలయమున కతనిని పిలిపించెను. జీవితాంతము అదియే అతని కర్మభూమి.

మొదట పారిసు నగరవాసియగు ఫూర్నియే అచ్చులను తెప్పించి వాడెను. పిదప వానిని పోలిన అచ్చులను తానే చెక్కెను. క్రమముగా గురువు నీడనుండి వెలికి వచ్చెను. ఆ కాలపు అక్షరశిల్పము మిక్కిలి శ్రమతో కూడినది. ఉక్కుకడ్డీ కొసపై అక్షరమును అద్దములోని ప్రతిబింబమువలె చెక్కి, దానిని రాగిదిమ్మెలోనికి కొట్టి గుంట చేసి, ఆ గుంటలో కరగిన సీసపు మిశ్రమమును పోయవలెను. ఒక్కొక్క పరిమాణమునకు మరల మొదటినుండి చెక్కవలసినదే.

బొడోనీ అక్షరములలో నిలువు గీతలు బలముగా, నల్లగా నుండును. అడ్డగీతలు, కొసలయందలి చిన్నగీతలు వెంట్రుకవలె సన్నములు. ఈ లావు సన్నముల వ్యత్యాసమే వాని ప్రాణము. నునుపైన కాగితము, మంచి సిరా లేనిచో సన్నగీత తెగిపోవును, లావుగీత అలుకుకొనును. కావుననే అతడు కాగితమునందును, సిరాయందును పట్టుదల చూపెను. అలంకారములను తగ్గించి, విశాలమైన అంచులు విడిచి, తెల్లని పుటయే అక్షరమునకు ఆభరణ మనిపించెను. ఈ శోభ లాటిను లిపి నిలువు గీతలపై ఆధారపడినది. గుండ్రని తెలుగు లిపిపై దానిని యథాతథముగా మోపిన పొసగదు.

1788లో ఇటలీ పట్టణముల వర్ణనలతో తన అచ్చుల నమూనా గ్రంథమును వెలువరించెను. అంతకు ముందే, 1787లో, స్వయముగా ముద్రాపకుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అమెరికానుండి అభినందించుచు లేఖ వ్రాసెను. స్పెయిను రాయబారి అజారా రోములో ముద్రణాలయము పెట్టింతునని పిలువగా, పార్మా ప్రభువు అతనిని విడువనొల్లక, సొంత అచ్చుకూటము నడుపుకొన ననుమతించెను. 1791లో మార్గరీతా దాల్ ఆల్యోను వివాహమాడెను.

అతనికి విమర్శ తప్పలేదు. పారిసులోని దీదో వంశీయులు అతని గ్రంథములలో పాఠదోషములు కలవని ఆక్షేపించిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. చదువుటకన్న చూచుటకే అతని పుస్తకములు తగియున్నవన్న అపవాదు నేటికిని వినబడును. 1805లో పారిసు రాజముద్రణాలయము నూటయేబది భాషలలో క్రైస్తవుల ప్రార్థనను ముద్రింపగా, బొడోనీ మరుసటి యేట నూటయేబదియైదు భాషలలో దానిని వెలువరించెను. 1808లో హోమరు ఇలియడ్ కావ్యమును గ్రీకున ముద్రించి నెపోలియనునకు అంకిత మిచ్చెను.

తన అచ్చులన్నిటిని ఒక్కచో చూపు మహాగ్రంథము మాత్రము పూర్తికాలేదు. వాతరోగము బాధించుచున్నను దానికొరకు శ్రమించుచునే 1813 నవంబరులో కన్నుమూసెను. సంతానము లేదు. భార్య మార్గరీతా, అచ్చుకూటపు పెద్ద పనివాడగు లుయీజీ ఓర్సీ సాయముతో ఐదేండ్లు పాటుపడి, 1818లో రెండు సంపుటములుగా ఆ గ్రంథమును వెలువరించెను. వేసినవి సుమారు రెండువందల యేబది ప్రతులు మాత్రమే.

ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ ఆ అక్షరములను పునరుద్ధరించెను. వానినుండి పుట్టిన బొద్దు రకములు ప్రకటనలకును, పత్రికల శీర్షికలకును ప్రీతిపాత్రము లయ్యెను. అతని చేతి ఉక్కు అచ్చులు వేలకొలదిగా పార్మాలోనే యున్నవి. వానికొరకు 1963లో ఆ నగరమున ఒక ప్రదర్శనశాల తెరువబడెను.