‘హి’ కొట్టేసి ‘షి’ రాసిన పట్టా

1937లో పాప పుట్టింది. పాపకు నాలుగో నెల వచ్చేసరికి తండ్రి కన్నుమూశాడు. తల్లికి పద్దెనిమిదేళ్ళు. ఆనాటి మద్రాసులో ఇలాంటి అమ్మాయి బతుకు ఎలా ఉండేదో అమ్మమ్మల నోట, నాయనమ్మల నోట విన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. తల గొరిగించేవాళ్ళు. ఒంటిపూట తిండి, ముతక చీర. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు ఎదురు రాకూడదు. వంటింటి వెనక గదే లోకం. ఆ గదిలోకి వెళ్ళనని మొరాయించిన తెలుగింటి పిల్ల ఒకతె, మరో ఆరేళ్ళకల్లా ఇంజనీరు పట్టా పుచ్చుకుంది. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. మనదేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన మొట్టమొదటి మహిళ.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక మధ్యతరగతి తెలుగు కుటుంబంలో పుట్టింది. ఏడుగురు సంతానంలో అయిదోది. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. మగపిల్లల్ని ఇంజనీర్లను చేశారు. ఆడపిల్లలకు కొంతవరకు చదువు చెప్పించి పెళ్ళిళ్ళు చేశారు. ఆరోజుల్లో చదువుకున్న కుటుంబాల్లోనూ అదే పద్ధతి. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండితేగానీ పెళ్ళి చేయకూడదని 1929లో శారదా చట్టం వచ్చింది కదా! ఆ గీత దాటీ దాటగానే, 1934లో, పదిహేనో ఏట లలిత పెళ్ళి జరిగిపోయింది.

భర్త పోయాక ఆమె ముందున్న ప్రశ్న ఒక్కటే. తనూ, పాపా ఎవరిమీదా ఆధారపడకుండా ఎలా బతకాలి? మళ్ళీ పెళ్ళి మాట ఆమె తలపెట్టలేదు. పుట్టింటికొచ్చి పుస్తకాలు తీసింది. క్వీన్ మేరీస్ కాలేజీలో చేరి ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో పాసైంది.

ఆ తర్వాత ఏం చదవాలి? తెలివైన ఆడపిల్లకు అప్పట్లో అందరూ చెప్పే దారి డాక్టరీ. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆడవాళ్ళకు 1875 నుంచే ప్రవేశం ఉంది. ముత్తులక్ష్మీ రెడ్డి అక్కడే చదివి 1912లో డాక్టరయ్యారు. అంటే ఆ దారి అప్పటికే బాగా నలిగింది. కానీ లలిత వద్దనుకుంది. కారణం తెలిస్తే ఇవాళ పిల్లల తల్లులు ఇట్టే అర్థం చేసుకుంటారు. డాక్టరైతే అర్ధరాత్రి కబురొచ్చినా లేచి వెళ్ళాలి. పసిపిల్లను వదిలి వేళాపాళా లేకుండా పోవడం తనవల్ల కాదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగం కావాలి. తండ్రి, అన్నదమ్ములు చేస్తున్న పని కళ్ళ ముందే ఉంది. అదే చదువుతానంది. సంచలనం కోసమో, మొదటిదాన్నని అనిపించుకోవాలనో కాదు. పాపను పెంచుకోవడానికి ఏది వీలో చూసుకుని, లెక్క వేసుకుని ఎంచుకున్న చదువు అది.

గిండీ కాలేజీ చిన్నదేం కాదు. 1794లో సర్వే బడిగా మొదలైన సంస్థ. ఆంధ్ర జిల్లాల కుర్రాళ్ళకు కూడా అదే దిక్కు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1946లోగానీ రాలేదు. ఇంత పెద్ద సంస్థలో దాదాపు నూట యాభై ఏళ్ళుగా ఒక్క ఆడపిల్లా చదవలేదు. అడిగినవాళ్ళు లేరు. అడిగితే ఏం చెయ్యాలో రూల్సులో రాసీ లేదు.

సుబ్బారావుగారు అడిగారు. ప్రిన్సిపాల్ కె.సి. చాకో దగ్గర కూతురి విషయం కదిపారు. చాకో కాదనలేదు. అక్కణ్ణించి విషయం మద్రాసు విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథమ్ వరకు వెళ్ళింది. ఆయనా సరేనన్నాడు. 1940లో లలిత నాలుగేళ్ళ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కోర్సులో చేరింది.

తండ్రి అక్కడే ప్రొఫెసరు కాబట్టి సీటొచ్చిందిలే అని మూతి విరిచేవాళ్ళు ఉంటారు. నిజమే, తండ్రి అక్కడ ఉండబట్టే అడగగలిగారు. అయితే వర్క్‌షాపులో ఆకురాయి పట్టింది, పరీక్షలు రాసింది తండ్రి కాదు కదా! అదీగాక, ఆయన కూతురికి సీటు ఇప్పించి ఊరుకోలేదు. అసలు మెచ్చుకోవలసింది ఇక్కడే అని నాకనిపిస్తుంది.

వందలమంది కుర్రాళ్ళ మధ్య ఒక్కతే అమ్మాయి. హాస్టల్లో ఉండాలి. పాపను దగ్గరి బంధువుల ఇంట్లో పెట్టి, సెలవు రోజుల్లో వెళ్ళి చూసుకుని రావాలి. క్లాసులో ఎవరూ అల్లరి పెట్టలేదు. తోటి విద్యార్థులు మర్యాదగానే మసలుకున్నారు. కానీ సాయంత్రం అయితే మాట్లాడుకునే మనిషి ఉండొద్దూ? కూతురి ఒంటరితనం తండ్రి కనిపెట్టారు. కాలేజీవాళ్ళతో మాట్లాడి, ఆడపిల్లల్ని చేర్చుకుంటామని ప్రకటన వేయించారు. దాంతో మలయాళీ ప్రాంతం నుంచి పి.కె. త్రేస్య, లీలమ్మ జార్జ్ అనే ఇద్దరు వచ్చి సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఆ ఇద్దరి తండ్రులూ గిండీలో ప్రొఫెసర్లు కారు. ఒక్క లలితకే తెరిస్తే దాన్ని మినహాయింపు అనేవాళ్ళు. వీళ్ళిద్దరూ చేరాక అది అందరి దారీ అయ్యింది. ఆ త్రేస్యే తర్వాత కేరళ ప్రజాపనుల శాఖలో ఒక్కో మెట్టూ ఎక్కి 1971లో చీఫ్ ఇంజనీరైంది. మనదేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ ఆమే!

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో ఇంజనీరింగ్ చదువును కొన్ని నెలలు కుదించారు. 1943లో లలిత చదువు పూర్తయ్యింది. పట్టా దగ్గర ఒక తమాషా జరిగింది. కాలేజీవాళ్ళు పట్టాలన్నీ ముందే అచ్చు వేయించి పెట్టుకున్నారు. అన్నిటిలోనూ ఇంగ్లీషులో ‘హి’ అనే ఉంది. ఈ అమ్మాయిలకు పట్టాలు ఇవ్వవలసి వచ్చేసరికి అచ్చులోని ‘హి’ని కలంతో కొట్టేసి, పైన ‘షి’ అని చేత్తో రాసి ఇచ్చారు. ఒక చిన్న దిద్దుబాటు. దాని కోసం ఎంతమంది సంతకాలు పెట్టవలసి వచ్చిందో!

పట్టా చేతికొచ్చాక ఏడాదిపాటు బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ట్రెయినింగ్. అది 1862లో పెట్టిన కార్ఖానా. బొగ్గుపొడి, నూనె, సుత్తిదెబ్బల మోత. చీర కొంగు బిగించి ఆ మోతలోనే పని నేర్చుకుంది. తర్వాత సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉద్యోగం. సిమ్లా అయితే అక్కడ సోదరుడి కుటుంబం ఉంది. ఉద్యోగం చేస్తూనే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ పెట్టే గ్రాడ్యుయేట్‌షిప్ పరీక్ష కూడా రాసి పాసైంది.

1946 డిసెంబరులో ఆ ఉద్యోగం మానేసి తండ్రికి సాయంగా వచ్చింది. సుబ్బారావుగారికి కొత్త వస్తువులు కనిపెట్టడం సరదా. పొగ రాని పొయ్యిలు, కరెంటుతో మంట పుట్టించే పరికరం, జెలెక్ట్రోమోనియం అని కరెంటుతో పలికే సంగీత వాయిద్యం, ఇలాంటివాటికి పేటెంట్లు తీసుకున్నారు. పొగ పొయ్యి దగ్గర కళ్ళు పాడుచేసుకునే ఆడవాళ్ళ సంగతి ఆ కాలంలో ఒక ఇంజనీరింగ్ ప్రొఫెసరుకు పట్టడమే విశేషం. అయితే ప్రయోగాలతో ఇల్లు గడవదు కదా! నెలజీతం కావాలి. 1948లో లలిత కలకత్తా బయల్దేరింది.

అక్కడ అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీ ఇంజనీరింగ్ విభాగంలో చేరింది. కలకత్తాలోనూ మరో సోదరుడి కుటుంబం ఉంది. అందుకే ఆ ఊరు. ఆ ఇంట్లో ఉండబట్టి తను ఆఫీసుకు వెళ్ళివస్తే పాప చదువూ సాగింది. లలిత గురించి రాసేవాళ్ళు తండ్రిని తలుచుకుంటారు, ప్రిన్సిపాల్‌ను తలుచుకుంటారు. న్యాయమే. కానీ బడి నుంచి వచ్చిన పిల్లకు అన్నం పెట్టిన చేతుల్ని కూడా ఆ లెక్కలో వేయాలి. సిమ్లా అయినా, కలకత్తా అయినా, ఉద్యోగంతోపాటు ఇలాంటి ఇల్లు ఒకటి దొరికిన చోటే ఆమె నిలదొక్కుకుంది. ఇవాళ పెద్ద చదువులు చదివి, బిడ్డ పుట్టగానే ఉద్యోగం మానేస్తున్న అమ్మాయిలకు లేనిది తెలివి కాదు, ఆ ఇల్లే.

ఆమె చేసిన పని ఏమిటి? కరెంటును తయారైన చోటు నుంచి ఊళ్ళకు మోసుకొచ్చే పెద్ద లైన్లు ఉంటాయి కదా, వాటి డిజైను. ఏ తీగ ఎంత లావు ఉండాలి, ఎంత ఓల్టేజీలో పంపితే దారిలో వృథా తగ్గుతుంది లాంటి లెక్కలు. సబ్‌స్టేషన్లలో ఏది ఎక్కడ ఉండాలో గీసే ప్లాన్లు. రక్షణ పరికరాలు కూడా. మన ఇంట్లో ఎక్కడో రెండు తీగలు కలిస్తే ఫ్యూజు పోయి ఇల్లు కాలకుండా కాపాడుతుంది. అదే పెద్ద లైను మీద పిడుగు పడితే? క్షణంలో వెయ్యో వంతుల లెక్కన గుర్తుపట్టి, దెబ్బతిన్న ముక్కను మాత్రమే విడదీసి, మిగతా ఊళ్ళకు కరెంటు ఆగకుండా చూడాలి. లెక్క తప్పితే జిల్లాలకు జిల్లాలు చీకటి. సట్లెజ్ నది మీద 226 మీటర్ల ఎత్తున కట్టిన భాక్రా నంగల్ ప్రాజెక్టులో కరెంటు తీసే జనరేటర్ల పనిలో లలిత చెయ్యి ఉంది. 1963లో నెహ్రూ ఆ ఆనకట్టను జాతికి అంకితం చేశారు. ఆ ఫొటోలు చూసినవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

1953లో లండన్ ఇన్‌స్టిట్యూషన్ ఆమెను అసోసియేట్ మెంబరుగా ఎన్నుకుంది. 1966లో పూర్తి మెంబరు అయ్యింది.

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, సైంటిస్టుల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. అమెరికాలోని మహిళా ఇంజనీర్ల సంఘం పూనుకుని జరిపింది. ముప్పైకి పైగా దేశాల నుంచి వందలమంది ఆడవాళ్ళు వచ్చారు. ఈ చదువుల్లోకి కొత్తతరాన్ని ఎలా తేవాలన్నది అక్కడ ముఖ్య విషయం. లలితకు పిలుపు వచ్చింది. వెళ్ళింది. కానీ భారతదేశం తరఫున కాదు, సొంత హోదాలో. ఎందుకంటే తరఫున పంపడానికి మనకు మహిళా ఇంజనీర్ల సంఘం అంటూ ఏదీ లేదు! గిండీ నుంచి ముగ్గురు బయటికొచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు. మధ్యలో మరికొన్ని కాలేజీల నుంచీ అమ్మాయిలు ఇంజనీర్లై వచ్చారు. కానీ ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి ఆఫీసులో వాళ్ళు. ఒకరున్నట్టు ఇంకొకరికి తెలియదు. హాస్టల్లో తను పడ్డ ఒంటరితనం దేశమంతా పరుచుకుని ఉందని అప్పుడామెకు తోచిందేమో.

తిరిగొచ్చాక ఊరుకోలేదు. పత్రికలవాళ్ళు అడిగితే ఆ సమావేశం గురించి, ఆడవాళ్ళు ఇంజనీరింగ్‌లోకి రావడం గురించి మాట్లాడింది. 1965లో లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో పూర్తి సభ్యురాలైంది. ఆ సొసైటీ పుట్టుక కూడా 1919లోనే, లలిత పుట్టిన ఏడాదే. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సైన్యంలోకి పోతే ఫ్యాక్టరీల్లో యంత్రాలు నడిపింది ఆడవాళ్ళు. యుద్ధం ముగియగానే ఇక ఇళ్ళకు వెళ్ళమన్నారు. వెళ్ళం అన్నవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం అది. దాని మొదటి కార్యదర్శి కరొలిన్ హాస్లెట్ కూడా కరెంటు మనిషే. కరెంటు వస్తే ఇల్లాలి చాకిరీ తగ్గుతుందని ఊరూరా చెప్పిన ఆవిడ.

రెండో అంతర్జాతీయ సమావేశం 1967 జులైలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పెట్టారు. దానికి భారతదేశంలో ప్రతినిధిగా ఉండమని సొసైటీ అడిగితే లలిత ఒప్పుకుంది. జీతం లేని పని. పగలంతా సబ్‌స్టేషన్ల ప్లాన్లు, ఆపైన ఈ బాధ్యత. మూడేళ్ళ కిందట న్యూయార్క్‌కు తను సొంత హోదాలో వెళ్ళవలసి వచ్చింది. ఈసారి మనవాళ్ళు ఎవరైనా వెళ్ళాలంటే, సంగతి అడిగి తెలుసుకోవడానికి దేశంలోనే ఒక మనిషి ఉంది. ఉపన్యాసాలు దంచి, దండలు వేయించుకునే రకం కాదామె. తండ్రి ఒక ప్రకటన వేయించి ఇద్దర్ని రప్పించినట్టే, తనకు చేతనైన పద్ధతిలో ఆమె ఈ పనికి పూనుకుంది.

ఆ 1967లోనే బ్రిటన్‌లో ఆమె పనిచేసే కంపెనీని జి.ఇ.సి. కొనేసింది. బోర్డు మీద పేరు మారింది, ఆమె పని మారలేదు. దాదాపు ముప్పై ఏళ్ళు ఒకేచోట పనిచేసి 1977లో రిటైరైంది. విశ్రాంతి మాత్రం రెండేళ్ళకు మించి దక్కలేదు. మెదడులో రక్తనాళం ఉబ్బే జబ్బుతో 1979 అక్టోబరు 12న కన్నుమూసింది. అప్పటికామెకు అరవై ఏళ్ళు.