ఓటరు జాబితా రాయించిన పెద్దమనిషి

శుక్రవారం సాయంత్రం జిద్దా కార్నిష్‌లో కూర్చుంటే ఎదురుగా ఎర్ర సముద్రం. ఆ నీళ్ళకు అవతల, సుమారు 300 కిలోమీటర్ల దూరంలో సూడాన్ దేశపు రేవు పోర్ట్ సూడాన్. మన క్యాంపుల్లో తెల్ల తలపాగా చుట్టుకొని మనతోపాటు పనిచేసే సూడానీలది ఆ ఒడ్డు. 2023 ఏప్రిల్‌లో అక్కడ యుద్ధం మొదలైనప్పుడు మన భారతీయులను ఓడల్లో, విమానాల్లో తెచ్చి దించింది కూడా ఈ జిద్దాలోనే. ఆ ఒడ్డుకీ మన ఊళ్ళోని ఓటరు జాబితాకీ ఒక చుట్టరికం ఉంది. మొన్నమొన్నటిదాకా మాకూ ఆ సంగతి తెలియదు. 1953లో సూడాన్‌లో తొలి పార్లమెంటు ఎన్నికలు జరిపించిన మనిషీ, అంతకు ముందు ఏడాదే మన దేశంలో తొలి సాధారణ ఎన్నికలు ముగించిన మనిషీ ఒక్కరే. ఆయన సుకుమార్ సేన్, మన మొట్టమొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్.

ఈయన కథ మేం వెతకడానికి కారణం మా రూమ్‌మేటే. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. 2023 నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలని తెలిసి, సెలవు కుదుర్చుకొని, టికెట్‌కు సొంత డబ్బులు పెట్టుకొని ఊరికి వెళ్ళాడు. బూత్‌లో చూస్తే పేరు లేదు. ఊళ్ళో ఉండటం లేదని తీసేశారట! భార్య పేరుంది, తల్లి పేరుంది, పదేళ్ళ కిందట చనిపోయిన తాత పేరు కూడా ఉంది. సెలవు అయిపోయి వచ్చాక చాలా రోజులు ఆయన ఆ తాత సంగతే చెప్పి నవ్వేవాడు, కానీ అది నవ్వు కాదని మాకు తెలుసు. అసలు ఈ జాబితా అనేది ఎవరు మొదలుపెట్టారు, ఎట్లా రాశారు అని అప్పుడు వెతికాం.

సుకుమార్ సేన్ బెంగాలీ. పందొమ్మిదో శతాబ్దం చివర పుట్టారు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో, తర్వాత లండన్ యూనివర్సిటీలో చదివారు. లెక్కల్లో గోల్డ్ మెడల్. 1921లో ఐసీఎస్‌లో చేరి, బెంగాల్ జిల్లాల్లో ఏళ్ళ తరబడి పనిచేశారు, జడ్జిగా కూడా. స్వాతంత్ర్యం వచ్చాక పశ్చిమ బెంగాల్ చీఫ్ సెక్రటరీ. అక్కడినుంచి 1950 మార్చిలో ఢిల్లీకి పిలిపించి ఎన్నికల కమిషన్ అప్పగించారు. కమిషన్ ఏర్పడింది అదే ఏడాది జనవరి 25న, అంటే గణతంత్రం రావడానికి ఒక్కరోజు ముందు. కమిషన్ అంటే ఆయనొక్కరే. ముగ్గురు కమిషనర్లు ఉండటమనేది చాలా తర్వాతి సంగతి.

నెహ్రూ గారికి మాత్రం తొందర. 1951 వేసవికల్లా ఎన్నికలు కావాలని ఆయన కోరిక. సేన్ లెక్కల మనిషి కదా, లెక్క వేసి చూసుకున్నారు. ఓటర్లు 17 కోట్లకు పైనే. దేశంలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి ఇరవై మంది కూడా లేరు. లోక్‌సభకు, రాష్ట్రాల శాసనసభలకు కలిపి ఎన్నిక ఒకేసారి. కొంచెం ఆగమని ప్రధానికి చెప్పగలిగారు. ఆఫీసర్ ప్రధానిని ఆగమనడం ఆ రోజుల్లో కూడా చిన్న విషయం కాదు.

పని అంతా జాబితాలోనే ఉంది. దాని పునాది సేన్ రాకముందే, రాజ్యాంగ సభ సచివాలయం వేసిందని ఇక్కడే చెప్పుకోవాలి. 1947 చివర్లోనే అక్కడి ఉద్యోగులు పని మొదలుపెట్టారు. అప్పుడు వాళ్ళకు ఎదురైన మొదటి చిక్కు విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన శరణార్థులు. ఓటరు కావాలంటే ఆ ఊళ్ళో ఇన్ని రోజులు ఉండాలి అని నిబంధన. నిన్న రైలు దిగినవాడు ఏం చూపిస్తాడు? ఇక్కడే స్థిరపడతానని రాసిస్తే చాలు, పేరు ఎక్కించండి అని తేల్చారు. ఇల్లు లేదని ఓటు లేకుండా చేయకూడదని ఆనాటి గుమాస్తాలకు తోచింది.

సేన్ వచ్చాక ఆ చిత్తు జాబితాలను సరిచేసి, అచ్చు వేయించడం. టైపు చేయడానికే 16,500 మంది గుమాస్తాలను ఆరు నెలల ఒప్పందం మీద తీసుకున్నారట. కాగితం 3,80,000 రీములు. బ్యాలట్ పెట్టెలు 20 లక్షలు, వాటికి 8,200 టన్నుల ఉక్కు. మనలో ఫ్యాబ్రికేషన్ షాపుల్లో పనిచేసే వాళ్ళకు ఈ అంకె ఎంతో తెలుస్తుంది.

భార్య ఫలానా

ఇక్కడే సేన్ జీవితంలో అతి కష్టమైన నిర్ణయం వచ్చింది. జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ వెళ్తే చాలాచోట్ల ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. పరాయి మగవాడికి పేరు చెప్పడమేమిటని. ఫలానా ఆయన భార్య, ఫలానా వాళ్ళ అమ్మ అని రాయించారు. రాసేవాళ్ళు అట్లాగే రాసుకొచ్చారు. మన ఊళ్ళల్లో కూడా పాత తరంలో ఈ అలవాటు ఎట్లా ఉండేదో మనకు తెలియనిది కాదు. కానీ ఈ గొడవ ఎక్కువగా వచ్చింది ఉత్తరాదిన, బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ లాంటి చోట్ల.

సేన్ ఒప్పుకోలేదు. ఓటరు అంటే సొంత పేరున్న మనిషి, పేరు చెప్తేనే జాబితాలో ఉంటారు అన్నారు. పేరు చెప్పడానికి గడువు పెంచి మళ్ళీ మనుషులను పంపించారు. కొందరు చెప్పారు. సుమారు 28 లక్షల మంది చెప్పలేదు. వాళ్ళందరినీ తీసేయించారు. మొత్తం మహిళా ఓటర్లు 8 కోట్ల దాకా ఉన్నారు కాబట్టి లెక్క ప్రకారం చిన్న వంతే. అయినా 28 లక్షల మందికి తొలి ఎన్నికల్లో ఓటు లేకుండా పోయింది.

ఇది సరైన పనేనా? మా రూమ్‌లో దీని మీద రెండు రాత్రులు వాదన నడిచింది. పేరు పోగొట్టుకున్నవాడు మాత్రం తీసేయడం తప్పే అంటాడు. తర్వాతి ఎన్నికలకు ఆడవాళ్ళు ఎక్కువగా సొంత పేర్లతో ఎక్కారు కాబట్టి సేన్ మాటే నెగ్గిందనాలి. మా లెక్క ప్రకారం ఆయన చేసింది కఠినమే. అయితే తీసేసే ముందు మళ్ళీ వెళ్ళి అడిగించారు, గడువు ఇచ్చారు. మనవాడిని ఎవరూ అడగలేదు.

పెట్టెలు, గుర్తులు

పోలింగ్ 1951 అక్టోబర్ 25న హిమాచల్ కొండల్లో, చినీ అనే చోట మొదలైంది. మంచు పడితే దారులు మూసుకుపోతాయని అక్కడ ముందు పెట్టారు. మిగతా దేశంలో 1952 ఫిబ్రవరి దాకా సాగింది. చదువురాని వాళ్ళ కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కాగితం మీద ఏ ముద్రా లేదు. నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. మనం ఓటు వెయ్యడం అంటున్నది ఆనాటి మాటే అయి ఉండాలి, గుద్దడం అనేది స్టాంపు వచ్చాక పుట్టిన మాట. ఎట్లా ఓటు వెయ్యాలో సినిమా హాళ్ళలో చిన్న ఫిల్ములు వేసి చూపించారు, రేడియోలో చెప్పించారు. వేలికి సిరా కూడా ఆ ఎన్నికల నాటిదే.

మన వైపు ఏం జరిగిందో చూడండి. తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్ళు పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి 3 లక్షలకు పైగా ఓట్లతో గెలిచారు. నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ అని ఇప్పటికీ చెప్పుకుంటాం. నిజమే, కాకపోతే రెండూ ద్విసభ్య నియోజకవర్గాలు, ఒక్కొక్కరికి రెండేసి ఓట్లుండేవి. అటు అనంతపురంలో నీలం సంజీవరెడ్డి సొంత బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. పెద్దవాళ్ళు ఓడిపోవచ్చని జనం మొదటిసారి కళ్ళతో చూశారు.

1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలు కూడా సేన్ హయాంలోనే జరిగాయి. 1957లో రెండో సాధారణ ఎన్నికలు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర ఎమ్మెల్యేలు 1955లో గెలిచినవాళ్ళే కొనసాగారు, అసెంబ్లీకి తెలంగాణలో మాత్రమే పోలింగ్ జరిగింది. పాత పెట్టెలన్నీ దాచి ఉంచారు కాబట్టి ఈసారి కోట్ల రూపాయలు మిగిలాయి. ఆ ఎన్నికల్లోనే పార్వతీపురం ద్విసభ్య స్థానంలో వి.వి. గిరి ఓడిపోయారు, రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వెళ్ళాయి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1961లో ద్విసభ్య స్థానాలనే ఎత్తేశారు.

ఇక సూడాన్. 1953 ఫిబ్రవరిలో బ్రిటన్, ఈజిప్టు ఒప్పందం చేసుకొని సూడాన్‌కు స్వపరిపాలన ఇస్తామన్నాయి. ఎన్నికలు ఎవరు జరపాలి? ఒకరినొకరు నమ్మరు. చివరికి ముగ్గురు సూడానీలు, ఈజిప్టు, బ్రిటన్, అమెరికాల నుంచి ఒక్కొక్కరు, వాళ్ళ మీద అధ్యక్షుడిగా భారతీయుడు అని కుదిరింది. సేన్ వెళ్ళారు. ఎడారి, సంచార జాతులు, చదువురాని జనం. కొన్నిచోట్ల నేరుగా ఓటు, కొన్నిచోట్ల పెద్దల ద్వారా. 1953 నవంబర్, డిసెంబర్‌లలో ఎన్నికలు ముగిశాయి. 1956 జనవరి 1న ఆ దేశం స్వతంత్రమైంది. అక్కడి ఇప్పటి పరిస్థితి చూస్తే మనసు కలుక్కుమంటుంది.

సౌదీలో కూడా ఓట్లు పడ్డాయని మనలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2005లో బలదియా ఎన్నికలు జరిగాయి, రియాద్‌లో ఫిబ్రవరి 10న. ఓటు మగవాళ్ళకు మాత్రమే. 2011లో మళ్ళీ జరిగాయి. 2015 డిసెంబర్ 12న ఆడవాళ్ళు మొదటిసారి ఓటు వేశారు, పోటీ చేశారు. మనలాంటి ఇఖామా వాళ్ళకు అందులో పాత్ర లేదు. మన ఓటు మన ఊళ్ళోనే.

అదీ చాలాకాలం లేదు. విదేశంలో పనిచేస్తున్న భారతీయుడికి సొంత ఊళ్ళో ఓటరుగా పేరు రాయించుకునే హక్కు చట్టంలో చేరింది 2010లో, అమలయ్యింది 2011 నుంచి. ఫారం 6ఏ నింపాలి, పాస్‌పోర్టులో ఏ చిరునామా ఉంటే ఆ ఊరి జాబితాలో పేరు వస్తుంది. వేరే దేశం పౌరసత్వం తీసుకోకూడదు. పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకొని స్వయంగా బూత్‌కు వెళ్ళాలి. ఆన్‌లైన్‌లో ఓటు వెయ్యొచ్చని 2019లో వాట్సప్‌లో తెగ తిరిగింది, ఎన్నికల కమిషన్ అది అబద్ధమని చెప్పాల్సి వచ్చింది. మన తరఫున ఇంకొకరు వేసే పద్ధతికి 2018లో లోక్‌సభ బిల్లు పాస్ చేసింది, రాజ్యసభలో పాస్ కాకుండానే 2019లో మురిగిపోయింది. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లుగా రాయించుకున్నది సుమారు 1.19 లక్షల మంది, వచ్చి ఓటేసింది మూడు వేల లోపు. అందులో మలయాళీలదే పెద్ద వాటా. కోటికి పైగా ఉన్న ప్రవాసుల్లో ఇదీ లెక్క.

పేరు ఉందా లేదా చూసుకోవడం ఇప్పుడు మరీ అవసరమైంది. 2025లో బీహార్‌లో జాబితాను మొదటినుంచీ సవరిస్తే ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. అదే ఏడాది నవంబర్‌లో కేరళ సహా మరికొన్ని రాష్ట్రాల్లో ఇదే పని మొదలైతే ఇక్కడి మలయాళీ సోదరులు ఊరికి ఫోన్ల మీద ఫోన్లు చేసుకోవడం మేం చూశాం. పంచాయతీ జాబితా తయారయ్యేది కూడా అసెంబ్లీ జాబితా నుంచే. 2025 డిసెంబర్‌లో తెలంగాణ సర్పంచ్ ఎన్నికలు మూడు విడతలుగా జరిగినప్పుడు మా రూమ్‌లో రాత్రి రెండింటిదాకా ఎవరి ఫోనూ ఆగలేదు. అందరికీ అన్నీ తెలుసు, ఓటు మాత్రం ఒక్కరికీ లేదు!

సేన్ 1958 డిసెంబర్‌లో పదవి దిగారు. అప్పటికే, 1954లో, పద్మభూషణ్ వచ్చింది. 1960లో బర్ద్వాన్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1963లో పోయారు. ఆత్మకథ రాసుకోలేదు. ఆయన గురించి తెలుసుకోవాలంటే ఎన్నికల మీద ఆయన ఇచ్చిన రిపోర్టులే దిక్కు, అందులో పెట్టెల లెక్క, కాగితం లెక్క ఉంటాయి తప్ప తన గురించి ఏమీ ఉండదు.

మా రూమ్‌మేట్ పోయిన నెల ఫారం 6ఏ నింపాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాత ఓటరు కార్డులో పొడి అక్షరం ఒక్కటే. ఎట్లా రాయాలో తెలియక భార్యకు ఫోన్ చేసి జాబితాలో ఆ పేజీ ఫోటో తీసి పంపమన్నాడు. వచ్చింది. ఆమె పేరు పూర్తిగా అచ్చయి ఉంది. కింద భర్త పేరు అన్న చోట ఈయన పేరు, అది కూడా ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా ఉంది. అందులోంచి చూసి ఒక్కో అక్షరం ఫారంలోకి ఎక్కించాడు.