శాంతి సభలో చోటు దొరకని పోపుగారు

నవంబరు 2న, మనవారు సమాధుల పండుగ అని పిలుచుకునే రోజున, గురువులు మూడు పూజలు చేయడం మీరు చూసే ఉంటారు. లోకమంతటి గురువులకు ఆ అనుమతిని 1915లో ఇచ్చినవారు పదిహేనవ బెనెడిక్టు పోపుగారు. యుద్ధంలో కూలిపోతున్న లక్షలాది మందిని తలచుకొని ఇచ్చారు. ఆ యుద్ధాన్ని ఆపడానికి ఆయన పడిన శ్రమ మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఆయన 1854లో ఇటలీలోని జెనోవా దగ్గర జన్మించారు. అసలు పేరు జాకొమో దెల్లా కియేసా. తండ్రి కోరికపై ముందు న్యాయశాస్త్రం చదివి, ఆ తర్వాతే గురువయ్యారు. పోపుగారి రాయబార కార్యాలయంలో మాడ్రిడ్‌లో కొన్నేళ్లు పనిచేశారు. 1907లో బొలోన్యా అగ్రపీఠాధిపతి అయ్యారు. మనిషి బాగా పొట్టి. 1914 సెప్టెంబరు 3న పోపుగా ఎన్నికైన రోజున, సిద్ధంగా ఉంచిన తెల్ల అంగీలలో చిన్నది కూడా ఆయనకు వదులైందని చెప్పుకుంటారు.

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై నెల దాటింది. ఆ క్రిస్మసుకైనా తుపాకులు ఆపమని రాజ్యాలను వేడుకున్నారు. ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. ఆయన మానుకోలేదు. గాయపడిన ఖైదీల మార్పిడికి ఇరుపక్షాలనూ ఒప్పించారు, జాడ తెలియని సైనికుల కోసం వారి కుటుంబాల తరఫున వెతికించారు.

1917 ఆగస్టు 1న పోరాడుతున్న దేశాల అధినేతలందరికీ ఒక లేఖ పంపారు. శాంతి మంచిదని చెప్పే ప్రసంగం కాదది, లెక్కగా రాసిన ఒప్పందపు ముసాయిదా: ఆయుధాలు తగ్గించుకోవాలి, తగాదాలను మధ్యవర్తుల ముందు పెట్టాలి, నష్టపరిహారాలు పరస్పరం వదులుకోవాలి, బెల్జియంను ఖాళీ చేయాలి. లేఖకు ముందే, జూనులో, ఆయన రాయబారి పచెల్లి, తర్వాతి కాలపు పన్నెండవ పయస్ పోపుగారు, జర్మన్ చక్రవర్తిని స్వయంగా కలిశారు. తీరా చూస్తే జర్మనీ బెల్జియం గురించి స్పష్టమైన మాట ఇవ్వలేదు. అమెరికా అధ్యక్షుడు విల్సన్, ఆ జర్మన్ పాలకుల మాట నమ్మలేమంటూ ఆగస్టు 27న కాదన్నారు. ఫ్రాన్సు, ఇటలీ జవాబే ఇవ్వలేదు. ఫ్రాన్సులో ఆయనను జర్మన్ల పోపు అన్నారు, జర్మనీలో ఫ్రెంచివారి పోపు అన్నారు. ఊరి తగాదాల్లో మధ్యవర్తిగా కూర్చున్న పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు!

మరో అడ్డు కూడా ఉంది, అది రహస్యంగా పెట్టిన అడ్డు. 1870లో రోము నగరాన్ని పోపుల చేతిలోనుండి తీసుకున్న ఇటలీ, శాంతి సభలో ఆ గొడవ మళ్లీ లేస్తుందని భయపడింది. అందుకే 1915లో లండనులో మిత్రదేశాలతో చేసుకున్న ఒప్పందం 15వ అధికరణంలో, సంధి చర్చలకు పోపు ప్రతినిధిని రానీయకూడదని రాయించుకుంది. 1917 చివర రష్యాలో అధికారానికి వచ్చిన బోల్షెవిక్కులు దాన్ని బయటపెట్టారు. 1919లో పారిస్‌లో సంధి పత్రాలు రాసేటప్పుడు ఆయన పక్షాన కూర్చోవడానికి ఎవరికీ చోటు లేదు.

అలిగి ఊరుకున్నారా? లేదు. 1920లో విశ్వలేఖ రాసి, పగలు మరచి దేశాలన్నీ ఒక సమితిగా కలవాలని కోరారు. ఇటలీ రాజును కలవడానికి రోముకు వచ్చే కథోలిక దేశాధినేతలపై పాత పోపులు పెట్టిన కట్టుబాటును అదే లేఖలో సడలించారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని ఇదే, ఎందుకంటే తన పీఠానికి జరిగిన అన్యాయాన్నే ముందు పక్కన పెట్టారు.

1922 జనవరి 22న న్యుమోనియాతో మరణించారు. అప్పటికి 67 ఏళ్లు. అంతకు కొద్ది వారాల ముందే, యుద్ధంలో ఓడిన టర్కీలోని ఇస్తాంబుల్‌లో, ముస్లిములు, యూదులు, క్రైస్తవులు కలిసి చందాలు వేసుకొని ఆయన విగ్రహాన్ని నిలబెట్టారు. పవిత్రాత్మ కతీడ్రల్ ఆవరణలో అది ఇప్పటికీ ఉంది.