డేనియల్ బెర్నౌలీ

కాలువలో నిదానంగా పారే నీరు ఇరుకైన తూము దగ్గరకు రాగానే వడిగా పరుగెత్తుతుంది. ఇది అందరూ చూసే దృశ్యమే. కాని నీటి వేగం పెరిగిన చోట దాని పీడనం ఏమవుతుందని ఆలోచించేవారు అరుదు. గొట్టాలలో పారే ద్రవాలను గూర్చి ఈ ప్రశ్న వేసుకొని, ప్రయోగాలతోను గణితంతోను సమాధానం వెదకిన శాస్త్రజ్ఞుడు డేనియల్ బెర్నౌలీ. అతని సూత్రమే నేడు ఇరుకైన గుండె కవాటాలను పరీక్షించడంలో వైద్యులకు తోడ్పడుతున్నది.

డేనియల్ 1700వ సంవత్సరంలో హాలెండు దేశంలోని గ్రోనింజెన్ నగరంలో జన్మించాడు. వారి కుటుంబం స్విట్జర్లాండులోని బాసెల్ నగరానికి చెందినది. తండ్రి యోహాన్, పెదతండ్రి యాకోబ్ ఇద్దరూ గొప్ప గణితవేత్తలు. 1705లో యాకోబ్ మరణించగా, అతని ఆచార్య పదవి యోహాన్‌కు లభించింది. ఆ విధంగా కుటుంబం బాసెల్‌కు తిరిగి వచ్చింది.

డేనియల్‌కు చిన్ననాటి నుండి గణితమంటే ప్రాణం. అన్న నికొలాస్ అతనికి గణితం నేర్పేవాడు. కాని గణితం కూడు పెట్టదని తలచిన తండ్రి కుమారుని వర్తకునిగా చేయదలచాడు. డేనియల్ అందుకు ఇష్టపడలేదు. చివరకు వైద్యం చదవడానికి ఒప్పందం కుదిరింది. హైడెల్‌బర్గ్, స్ట్రాస్‌బర్గ్, బాసెల్ నగరాలలో చదివి, 1721లో శ్వాసక్రియపై పరిశోధన చేసి వైద్యంలో డాక్టరు పట్టం పొందాడు. వైద్యం చదివినా గణితాన్ని విడువలేదు. ఈ రెండు విద్యల కలయికే అతని జీవితానికి దారి చూపింది.

బాసెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవికి రెండుసార్లు ప్రయత్నించాడు. ఆ రోజుల్లో అక్కడ తుది ఎంపిక చీట్లు తీసి చేసేవారు. రెండుసార్లూ అదృష్టం కలిసిరాలేదు. తరువాత ఇటలీకి వెళ్లి, 1724లో తన తొలి గణిత గ్రంథాన్ని ప్రచురించాడు. ఆ కీర్తి అతనిని 1725లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చేర్చింది. తోడుగా వెళ్లిన అన్న నికొలాస్ మరుసటి సంవత్సరమే అక్కడ మరణించాడు. ఆ దుఃఖాన్ని దిగమింగుకొని డేనియల్ పరిశోధనలో మునిగిపోయాడు. 1727లో లియొనార్డ్ ఆయిలర్ అనే యువ గణితవేత్త అక్కడికి వచ్చి అతనికి ఆప్తమిత్రుడయ్యాడు.

రక్తం నాళాలలో ఎంత వేగంతో, ఎంత పీడనంతో ప్రవహిస్తుంది? ఈ విషయం డేనియల్‌ను ఆకర్షించింది. అతడు నీరు పారే గొట్టం గోడకు చిన్న రంధ్రం చేసి, అందులో సన్నని గొట్టాన్ని నిలువుగా అమర్చాడు. అందులో నీరు ఎంత ఎత్తుకు లేస్తే అక్కడ పీడనం అంత ఉన్నట్లు. ప్రవాహ వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని అతడు గ్రహించాడు. ప్రవాహానికి ఉన్న శక్తిలో ఎక్కువ భాగం వేగానికి ఖర్చయితే పీడనానికి మిగిలేది తక్కువ.

1733లో డేనియల్ బాసెల్‌కు తిరిగి వచ్చాడు. 1734లో పారిస్ అకాడమీ తన బహుమతిని తండ్రీకొడుకులకు సమానంగా పంచింది. కొడుకు తనతో సమానుడు కావడం తండ్రికి సహింపరానిదైంది. కోపంతో డేనియల్‌ను ఇంట అడుగు పెట్టవద్దన్నాడు. అయినా 1738లో ద్రవగతిశాస్త్ర గ్రంథం ప్రచురించినప్పుడు డేనియల్ తనను యోహాన్ కుమారునిగానే పేర్కొన్నాడు. తండ్రి మాత్రం 1743లో అదే విషయంపై తన గ్రంథాన్ని వెలువరించి, దానిపై 1732 అనే సంవత్సరం వేయించాడు. తానే ముందు రాసినట్లు లోకం నమ్మాలని అతని ఉద్దేశం. తన శ్రమఫలం చేజారిందని డేనియల్ ఆయిలర్‌కు రాసిన లేఖలో వాపోయాడు. అయినా పరిశోధన మానలేదు. పారిస్ అకాడమీ బహుమతి అతనికి మొత్తం పదిసార్లు లభించింది. 1782 మార్చి 17న బాసెల్‌లో కన్నుమూశాడు.

డేనియల్ సూత్రం గుండె వైద్యానికి ఎట్లా ఉపయోగపడుతున్నదో చూద్దాం. గుండెలో నాలుగు కవాటాలు ఉన్నాయి. ఇవి రక్తాన్ని ఒకే దిశలో పోనిచ్చే తలుపుల వంటివి. బాల్యంలో గొంతునొప్పికి సరైన చికిత్స జరగకపోతే కొందరికి రుమాటిక్ జ్వరం వచ్చి, కొన్నాళ్లకు కవాటం ఇరుకు కావచ్చు. వయసు మీరిన వారిలో సున్నపు పదార్థం పేరుకొని బృహద్ధమని కవాటం బిగుసుకుపోవచ్చు. అప్పుడు ఆ ఇరుకు దారిలో రక్తం వడిగా దూకుతుంది. దానిని నెట్టడానికి గుండె అధిక పీడనంతో శ్రమించాలి.

ఈ పీడనభేదం తెలుసుకోవడానికి పూర్వం సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా గుండెలోనికి పంపవలసి వచ్చేది. 1970వ దశకం చివరినుండి నార్వే వైద్యులు, ఇంజనీర్లు వేరొక మార్గాన్ని అభివృద్ధి చేశారు. చెవికి వినపడని ధ్వని తరంగాలను ఛాతీపై నుండి పంపి, రక్తవేగాన్ని కొలుస్తారు. సెకనుకు మీటర్లలో ఉన్న ఆ వేగాన్ని అదే సంఖ్యతో హెచ్చించి, వచ్చిన దానిని నాలుగుతో హెచ్చిస్తే పీడనభేదం పాదరసపు మిల్లీమీటర్లలో తెలుస్తుంది. వేగం 4 మీటర్లయితే పీడనభేదం 64 మిల్లీమీటర్లు. బృహద్ధమని కవాటం వద్ద అంత వేగం ఉంటే కవాటం బాగా ఇరుకైనదని వైద్యులు గుర్తిస్తారు. ఈ లెక్కకు మూలం బెర్నౌలీ సూత్రమే.

తండ్రి వేయించిన సంవత్సరం సత్యాన్ని మరుగుపరచలేకపోయింది. నేడు లోకం ఆ సూత్రాన్ని డేనియల్ పేరుతోనే తలచుకుంటున్నది. కత్తి గాటు లేకుండా గుండె లోపలి సంగతి తెలుసుకొంటున్న ప్రతి రోగికీ అతని శ్రమఫలం అందుతున్నది.