గుడియాత్తం దారిలో డాక్టరమ్మ

సత్తువాచారిలో జాతీయ రహదారి పక్కన నిలబడితే బస్సులు రెండు వైపులా పోతుంటాయి. తూర్పుకు పోయేవి రాణిపేటకు, పడమటికి పోయేవి వేలూరు ఊళ్ళోకి, అక్కడినుంచి గుడియాత్తం దాకా. ఈసారి మేము ఎవరి గురించి రాస్తున్నామో ఆవిడ పుట్టింది ఆ తూర్పు కొసన, జనం నోట పడింది ఈ పడమటి దారిలో. పేరు ఐడా సోఫియా స్కడ్డర్.

కాట్పాడి స్టేషన్లో ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని దిగే తెలుగు కుటుంబాలను మనం రోజూ చూస్తూనే ఉంటాం. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చే సి.ఎం.సి. ఆసుపత్రి ఐడా పెట్టినదే. మన పిల్లలను అడిగితే ఆసుపత్రి కట్టించిన దొరసాని అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అది తప్పు కాదు. కాని ఆసుపత్రి కంటే ఆవిడ పెట్టిన బడి కథ మనకు ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం. డాక్టరు చదువుకు ఎవరిని లోపలికి రానివ్వాలి, గడప ఎంత ఎత్తు ఉండాలి అన్న తగువు ఆవిడ జీవితంలో సగానికి పైగా నడిచింది. ఆ తగువు మన ఇళ్ళలో ఇప్పటికీ తీరలేదు.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. తాత జాన్ స్కడ్డర్ 1819లోనే అమెరికా నుంచి సింహళానికి వచ్చిన మిషనరీ డాక్టరు. తండ్రి పేరూ జానే, ఆయనా డాక్టరే, ఆర్కాడు మిషన్‌లో పనిచేసేవాడు. అన్నల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల ఐడా. ఆరేడేళ్ళ వయసులో 1876-78 నాటి మహాకరువు చూసింది. ఇంటి వాకిట్లో బారులు తీరిన పిల్లలకు రొట్టె పంచింది; సొంతంగా నమిలే ఓపిక లేని పిల్లల నోట్లో తానే తుంచి పెట్టింది. ఆ తర్వాత అమెరికా వెళ్ళి చదువుకుంటూ, ఈ ఎండలకూ ఈ చావులకూ మళ్ళీ తిరిగి రానని నిశ్చయించుకుంది. ఈ సంగతి మేము కావాలనే రాస్తున్నాం. పుట్టుకతోనే సేవాభావం ఉన్న దేవత అని చెబితే పిల్లలు దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటారు. ఆ అమ్మాయికి కావలసింది చక్కని ఇల్లు, సుఖమైన సంసారం, అంతే.

1890లో తల్లికి జబ్బు చేసిందని కొన్నాళ్ళు చూసి పోదామని తిండివనం వచ్చింది. అక్కడే ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. మొదట వచ్చినవాడు బ్రాహ్మడు, తర్వాత వచ్చినవాడు ముసల్మాను, మూడోవాడు మరో కులపు హిందువు. ముగ్గురి ఇళ్ళలోనూ చిన్న వయసు భార్యలు పురుడు రాక నొప్పులు పడుతున్నారు. నాకు వైద్యం రాదు, మా నాన్న డాక్టరు, ఆయన వస్తాడని ఐడా చెప్పింది. పరాయి మగవాణ్ణి ఆడవాళ్ళ గదిలోకి రానివ్వడం కుదరదని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడపిల్లలూ చనిపోయారు. వీధిలో చావు డప్పులు వినబడ్డాయి.

ఈ కథను మహిమలాగా చెప్పడం రివాజు. మాకు మాత్రం ఇందులో లెక్క కనిపిస్తుంది. ఊళ్ళో డాక్టరు ఉన్నాడు, మందు ఉంది, ఇంటి నుంచి నాలుగు అడుగుల దూరం. అయినా ముగ్గురికి వైద్యం అందలేదు. కొరత డాక్టరుది కాదు, ఆ గదిలోకి అడుగు పెట్టగల డాక్టరుది. ఐడాకు అర్థమైనదీ ఇదే.

తర్వాత అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియాలోని ఆడవాళ్ళ వైద్య కళాశాలలో చేరారు. న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాల ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టగానే అక్కడికి మారి 1899లో పట్టా తీసుకున్నారు. అంటే తాను కూడా అప్పుడే తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్ళిన మనిషే. భార్య జ్ఞాపకార్థం ఒక న్యూయార్కు బ్యాంకరు పదివేల డాలర్లు ఇచ్చాడు. ఆ సొమ్ముతో 1900లో వేలూరు వచ్చారు. వచ్చిన కొద్ది నెలలకే తండ్రి పోయారు. ఇంట్లో ఒక చిన్న గదిలో ఒక్క మంచంతో వైద్యం మొదలైంది. మొదట్లో ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు చివరి గడియలో వచ్చారు. 1902లో నలభై పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు.

ఆసుపత్రి నిండినా పల్లెలవాళ్ళు రావడం లేదు. అప్పుడు తానే బండి కట్టించుకుని గుడియాత్తం దారి పట్టారు. ముప్పై కిలోమీటర్లు పైబడిన దారి. వారానికొకసారి ఫలానా చెట్టు కింద డాక్టరమ్మ ఆగుతుందని ఊళ్ళకు తెలిసింది. కుష్ఠురోగులు, పుండ్లు పట్టిన పిల్లలు, కళ్ళు మసకలు కమ్మిన ముసలివాళ్ళు, పొద్దున్నుంచీ చెట్టు నీడన కూర్చునేవాళ్ళు. 1909లో ఒక చిన్న ఫ్రెంచి కారు వచ్చింది. ఎద్దూ గుర్రమూ లేకుండా అరుచుకుంటూ వచ్చే బండిని చూసి మొదట జనం పొలాలకు అడ్డంపడి పరుగెత్తారు. కొన్నాళ్ళకు ఆ చప్పుడు వింటేనే రోడ్డు మీదికి వచ్చేవాళ్ళు.

అప్పటి ఉత్తర ఆర్కాడు ఈనాటి జిల్లా కాదని మన ఉపాధ్యాయులు పిల్లలకు పటం మీద చూపించాలి. చిత్తూరు కూడా ఇందులోనే ఉండేది. 1911లో తెలుగు తాలూకాలను వేరుచేసి చిత్తూరు జిల్లా చేశారు. ఆర్కాడు మిషన్‌కు మదనపల్లెలోనూ ఆసుపత్రి ఉండేది. డాక్టరమ్మ దగ్గరికి వచ్చిన జనం తమిళం, తెలుగు, ఉర్దూ మాట్లాడే మిశ్రమ జనం, ఇవాళ గుడియాత్తం బజారులో ఉన్నట్టే.

ఇక్కడ ఒక పక్కమాట. రోగి బాధ రోగి భాషలోనే పూర్తిగా బయటికొస్తుంది. పురుటి సంగతులకు ఇది ఎంత నిజమో, ఆవిడ కాలంలో ఇంకా లేని జన్యు వైద్యానికీ అంతే నిజం. పుట్టిన బిడ్డకు వంశపారంపర్య జబ్బేమో అన్న అనుమానం వస్తే డాక్టరు మొదట చేసే పని మూడు తరాల కుటుంబ వృక్షం గీయడం. ఇంగ్లీషులో అంకుల్ అంటే మేనమామ, పెదనాన్న, బాబాయి అందరూ. మనకు అలా కాదు. మేనమామను చేసుకున్నావా, మేనత్త కొడుకునా అన్నది తేలకపోతే లెక్క తప్పుతుంది. మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి. మేనబావకూ మరదలికీ ఎనిమిదో వంతు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే దోషమున్న జన్యువును మోస్తుంటే, కొన్ని జబ్బులు ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు వస్తాయి. ఈ ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ కాబట్టే 1970ల్లో వేలూరు పరిశోధకులు ఉత్తర ఆర్కాడు కుటుంబాల మీద పెద్ద అధ్యయనం చేశారు. అందువల్ల మేనమామ అన్న మాట విని వెంటనే కాగితం మీద సరైన గీత గీయగల డాక్టరు మనకు కావాలి. ఆ డాక్టరు మన బళ్ళలోంచి రావడం ఉపకారం కాదు, అవసరం.

ఐడా కూడా ఈ అవసరం దగ్గరికే వచ్చారు. గుడియాత్తం దారిలో ఒక్కరే ఎన్ని చెట్ల కింద ఆగగలరు? 1909లో నర్సుల బడి పెట్టారు. పరాయివాళ్ళ పుండ్లు కడగడం మైల పని అనుకునే రోజుల్లో ఆడపిల్లలను దానికి ఒప్పించడమే కష్టమైంది. తర్వాత ఇక్కడి ఆడపిల్లలకు డాక్టరు చదువే చెప్పాలని పట్టుబట్టారు. మద్రాసు ప్రభుత్వంలో వైద్య శాఖ పెద్ద నమ్మలేదు. ఆరుగురు దొరికితే మొదలుపెట్టుకోమని సెలవిచ్చారు. నూట యాభైకి దగ్గరగా దరఖాస్తులు వచ్చాయి. 1918 ఆగస్టు 12న మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండ్ ఆ బడిని ప్రారంభించారు. సొంత భవనం లేదు, అద్దె ఇళ్ళే. శరీర శాస్త్రం ఐడానే చెప్పేవారు. మగపిల్లల వైద్య పాఠశాలల్లో అయిదుగురిలో ఒకరు పాసైతే గొప్ప అని పరీక్షలకు ముందు హెచ్చరించారట. రాసిన పద్నాలుగురూ పాసయ్యారు. 1922లో పద్నాలుగురు డాక్టరమ్మలు బయటికొచ్చారు.

వాళ్ళకు ఇచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు. ఎల్.ఎం.పి. అని అంతకంటే చిన్న చదువు. పల్లెలో పురుళ్ళకూ జ్వరాలకూ సరిపోయేది, మధ్యతరగతి ఇంటి ఆడపిల్ల అందుకోగలిగింది. అదే చివరికి మెడకు చుట్టుకుంది. 1938లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఉంది. ఆరోగ్య మంత్రి టి.ఎస్.ఎస్. రాజన్ స్వయంగా డాక్టరు. ఇకమీదట ఎల్.ఎం.పి. లేదు, డాక్టరంటే ఎం.బి.బి.ఎస్. ఒక్కటే అని ఉత్తర్వు వచ్చింది. వేలూరులో కొత్త చేరికలు ఆగిపోయాయి. పట్టా కళాశాల కావాలంటే పెద్ద ఆసుపత్రి, పెద్ద చదువుల ఆచార్యులు, లక్షల రూపాయలు కావాలి.

ప్రభుత్వానిది తప్పని మేము అనం. సగం చదివిన డాక్టరును పల్లెకు పంపి, పూర్తిగా చదివినవాణ్ణి పట్నంలో ఉంచడం ఏం న్యాయం? కాని గడప ఎత్తు పెంచిన రోజున ముందుగా బయట ఉండిపోయేది ఎవరో కూడా చూడాలి. ఇవాళ నీట్ ప్రశ్నపత్రం తెలుగులో ఉంది. అయితే ఆ తెలుగు పత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే దొరుకుతుంది. తమిళనాడులో రాసే మన పిల్ల తెలుగు మాధ్యమంలో చదివినా ఇంగ్లీషులోనో తమిళంలోనో హిందీలోనో రాయాల్సిందే. తొమ్మిదో తరగతి నుంచే సైన్సు మాటలను రెండు భాషల్లోనూ చెప్పండని ఉపాధ్యాయులను మేము ఏళ్ళుగా బతిమాలుతున్నది ఇందుకే. కణం, కేంద్రకం అని చెప్పిన నోటితోనే సెల్, న్యూక్లియస్ అనీ చెప్పాలి.

ఐడా పెట్టిన కళాశాల సైతం ఈ తగువులో కోర్టుకెక్కింది. మైనారిటీ సంస్థకు తన విద్యార్థులను తానే ఎంచుకునే హక్కు ఉందన్నది దాని వాదం. 2017లో ఎం.బి.బి.ఎస్.లోని నూరు సీట్లలో ఒక్కటి మాత్రం నింపి మిగతావి ఖాళీగా ఉంచారు. మైనారిటీ సంస్థలకూ నీట్ తప్పదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యాంగం 30వ అధికరణం మతాల మైనారిటీలకే కాదు, మనలాంటి భాషా మైనారిటీలకూ వర్తిస్తుంది కాబట్టి మన పాఠశాలల కమిటీలు ఆ తీర్పును ఒకసారి చదవడం మంచిది.

1938 సంగతికి వద్దాం. అప్పటికి ఐడాకు అరవై ఏడేళ్ళు. మూసేసి వెళ్ళిపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. 1941లో, యుద్ధం నడుస్తుండగా, డెబ్బై దాటిన వయసులో అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి చందాలు అడిగారు. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు మొదలయ్యాయి. కాని డబ్బు కావాలంటే మగపిల్లలనూ చేర్చుకుని, అన్ని మిషన్ల ఉమ్మడి కళాశాల చెయ్యాలన్న షరతు వచ్చిపడింది. ఇది ఆవిడకు మింగుడుపడని ముద్ద. ఆడపిల్లల కోసం పెట్టిన చోట మగపిల్లలు వస్తే వీళ్ళను పక్కకు నెట్టేస్తారేమోనన్న భయం ఒట్టి భయమేం కాదు. ఏళ్ళ తరబడి అమెరికాలో నిధులు పోగుచేసి ఇచ్చిన స్నేహితురాలు లూసీ పీబడీ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఐడా చాలాకాలం ఊగిసలాడి చివరికి ఒప్పుకున్నారు. ఆ స్నేహం దెబ్బతింది. 1947లో మొదటిసారి మగ విద్యార్థులు వచ్చారు.

ఆ తర్వాత ఆ కళాశాల పగ్గాలు ఎవరి చేతికి వచ్చాయో మన పిల్లలకు తప్పక చెప్పాలి. విశాఖపట్నంలో పుట్టిన తెలుగింటి ఆడపడుచు డాక్టర్ హిల్డా లాజరస్. మద్రాసులో వైద్యం చదివి, ఢిల్లీలోని లేడీ హార్డింజ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసి, స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో వేలూరుకు తొలి భారతీయ అధిపతిగా వచ్చారు. 1961లో పద్మశ్రీ అందుకున్నారు. వేలూరులో ఎన్నో తెలుగు బళ్ళలో గోడ మీద ఎన్నో పటాలున్నాయి, ఈవిడ పటం మాకు ఎక్కడా కనబడలేదు.

ఐడా 1946లో బాధ్యతల నుంచి తప్పుకున్నారు. కొడైకెనాల్‌లో కొండమీది ఇంట్లో ఉంటూ వేలూరుకు వచ్చిపోతుండేవారు. 1960 మే నెలలో అక్కడే, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో కన్నుమూశారు. పెళ్ళి చేసుకోలేదు.

నలభై పడకలతో 1902లో తెరిచిన షెల్ ఆసుపత్రి ఇప్పటికీ వేలూరులో ఆరణి రోడ్డు మీద ఉంది. ఇప్పుడది కంటి ఆసుపత్రి. కళ్ళజోడు కోసం పిల్లలను అక్కడికి తీసుకెళ్ళే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. టోకెను పిలిచేదాకా ఎలాగూ కూర్చోవాలి కదా, ఆ గోడలు చూపించి ఈ కథ చెప్పండి.